ఉజి: తొందరపడితే చేదే
జపాన్‌లో గ్రీన్ టీకి పుట్టినిల్లు లాంటి ఊళ్లో నీళ్లు చల్లారేదాకా ఆగడమే అసలు విద్య

క్యోటోలో నారా వైపు వెళ్లే రైలెక్కితే అరగంటలోపే ఉజి వచ్చేస్తుంది. స్టేషన్ దాటి నది వైపు నడిస్తే ఊరి సంగతి ముందు ముక్కుకే తెలుస్తుంది. దుకాణాల గుమ్మాల్లో టీ ఆకు వేగుతున్న కమ్మటి వాసన. ఆ వీధి చివరే బ్యోదోయిన్ ఆలయం. 1053 నాటి దాని ఫీనిక్స్ మందిరం బొమ్మ జపాన్ 10 యెన్ల నాణెం మీద ఉంటుంది. ఉజి వంతెన పక్కనున్న త్సూయెన్ టీ దుకాణమైతే తన వయసును 1160 నుంచి లెక్కపెట్టుకుంటుంది.

చైనా నుంచి 1191లో ఎయిసాయ్ అనే బౌద్ధ భిక్షువు తెచ్చిన గింజలతో ఇక్కడి టీ చరిత్ర మొదలైందంటారు. ఉజి పేరు నిలబెట్టింది మాత్రం రైతుల తెలివి. కోతకు ముందు సుమారు మూడు వారాల పాటు తోటలకు పందిరి వేసి చిగుళ్లకు ఎండ తగలనివ్వరు. ఆకులో తియ్యదనాన్నిచ్చే థియనైన్ ఎండకు వగరునిచ్చే కెటెకిన్లుగా మారుతుంది. నీడలో ఆ మార్పు తగ్గుతుంది. అలా పెంచిన ఆకే గ్యొకురో. నీడలో పెరిగిన తెంచా ఆకును తిరగలిలో మెత్తగా విసిరితే మచ్చా. ఎండలో పెరిగేది సెంచా. కోసిన ఆకుకు ఆవిరి పట్టి, నలిపి ఆరబెట్టే సెంచా పద్ధతికి 1738లో రూపమిచ్చింది ఉజి పక్కనే ఉన్న ఉజితవారాకు చెందిన నగతాని సోయెన్.

మన అస్సాం టీ, ఈ టీ ఒకే జాతి మొక్క ఆకులు. ప్రధాన తేడా తయారీలోనే. మనది గాలికి నల్లబడనిచ్చిన ఆకు. పాలు, పంచదారతో మరిగించినా తట్టుకుంటుంది. సెంచాను అలా మరిగిస్తే మిగిలేది చేదే. కెటెకిన్లు వేడి నీళ్లలో త్వరగా దిగుతాయి, థియనైన్ మాత్రం గోరువెచ్చని నీళ్లలోనూ కరుగుతుంది. కిటుకంతా ఇదే.

థర్మామీటర్ అక్కర్లేదు. మరిగిన నీళ్లు ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి ఒంపిన ప్రతిసారీ సుమారు 10 డిగ్రీలు తగ్గుతాయి. రెండు మూడుసార్లు మార్చితే సెంచాకు కావలసిన 70-80 డిగ్రీలు సిద్ధం. ఇద్దరికి రెండు టీస్పూన్ల ఆకు, 170 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక్క నిమిషం. కప్పులకు కొంచెం కొంచెంగా మార్చి మార్చి పోయాలి. అప్పుడే రెండింటిలో రుచి సమంగా ఉంటుంది. గ్యొకురోకు 50-60 డిగ్రీలు, రెండు నిమిషాలు. వేయించిన హోజిచాకు మాత్రం మరిగే నీళ్లే, అర నిమిషం చాలు. సెంచా ఆకు పారేయకండి. కాస్త వేడి నీళ్లతో రెండోసారి వెంటనే దిగుతుంది.

ఇంత ఓపిక జపాన్‌లోనే తగ్గిపోతోంది. 1990లో ప్లాస్టిక్ సీసాల్లో గ్రీన్ టీ వచ్చాక టీ కుండీ లేని ఇళ్లు పెరిగాయి. మరోవైపు ప్రపంచమంతా మచ్చా వెంటపడింది. 2024 శరదృతువులో క్యోటో ప్రాంతంలోని పేరున్న దుకాణాలే మనిషికి ఇన్ని డబ్బాలని పరిమితి పెట్టాల్సి వచ్చింది. మంచి ధర చూసి సెంచా రైతులు కొందరు తెంచాకు మారుతున్నారు. కొత్త మొక్క చేతికి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. తోటలు చూసే రైతుల్లో ముసలివాళ్లే ఎక్కువ.

ఉజి వెళితే పచ్చటి ఐస్‌క్రీమ్ కోసం బారులు తీరిన వీధిలో కాసేపు ఆగి, ఒక దుకాణంలో కూర్చుని సెంచా అడగండి. కుండీ వంచి చివరి చుక్క పడేదాకా ఆగండి. రుచంతా ఆ చుక్కలోనే ఉంటుందని అక్కడివాళ్ల నమ్మకం.