పదిహేడు మంచిదా, చెడ్డదా?

కొన్నేళ్ల క్రితం మా బావగారికి గుండె ఆపరేషన్ 17వ తారీఖున చేస్తామన్నారు డాక్టర్లు. ఆలస్యం మంచిది కాదనీ చెప్పారు. మా చెల్లెలు న్యూమరాలజిస్టు దగ్గరికి వెళ్లింది. ఆయన 1, 7 కలిపి 8 చేసి, అది శని సంఖ్య గనుక 27కి మార్పించమన్నాడు. 2, 7 కలిపితే 9 కదా! అందాకా దిండు కింద పెట్టమని కాగితం మీద 142857 రాసిచ్చాడు. అది దైవ సంఖ్యట. దాని అంకెల మొత్తం కూడా 27.

"నువ్వు నమ్మవుగానీ అన్నయ్యా, గుణించి చూడు" అంది.

చూశాను. 2తో గుణిస్తే 285714, 3తో 428571, 6తో 857142. అవే ఆరు అంకెలు, అదే వరుస, మొదలు మాత్రం మారుతుంది. 7తో గుణిస్తే 999999. దీని వర్గం 20408122449. దాన్ని 20408, 122449గా విడగొట్టి కలిపితే మళ్లీ 142857! ఇలాంటివాటిని కాప్రేకర్ సంఖ్యలంటారు. వాటిని గుర్తించిన కాప్రేకర్ నాసిక్ దగ్గర దేవళాలిలో బడిపంతులు.

అద్భుతమే. కానీ దైవం ఎక్కడుంది? 1ని 7తో భాగించండి. శేషాలు 1, 3, 2, 6, 4, 5 వచ్చి మళ్లీ 1 వస్తుంది. అక్కడినుంచి భాగఫలంలో 142857 తిరిగి మొదలవుతుంది. 2ని భాగించినా అదే చక్రంలో ఇంకోచోట ఎక్కుతాం. అంతే రహస్యం.

తర్వాత చెల్లెలి ముందే 1ని 17తో భాగించాను. 0588235294117647 వచ్చింది. పదహారు అంకెలు. ముందున్న సున్నాను వదలకుండా 2 నుంచి 16 దాకా దేనితో గుణించినా ఇదీ అలాగే తిరుగుతుంది. అంకెల మొత్తం 72, అంటే మళ్లీ 9! శని అన్న 17 కడుపులోనూ అదే "దైవం" ఉందన్నమాట.

9తో భాగించబడే ఏ సంఖ్య అంకెలు కలుపుతూ పోయినా చివరికి 9 రావలసిందే. రక్షణ ఖాతాల్లో ముప్పై ఏళ్లు ఈ 9తోనే కాపురం చేశాను. లెక్కలో తేడా 9తో భాగించబడితే, ఎవరో 54ని 45గా రాశారేమో అని వెతికేవాళ్లం. దానికి ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు.

"లెక్క అర్థమైంది, భయం పోలేదు" అంది చెల్లెలు. నిజాయితీగా చెప్పింది. "అయితే పది రోజులు ఆగితే ఏమవుతుందో డాక్టర్నే అడుగుదాం పద" అన్నాను. డాక్టర్ గారు ఓపిగ్గా రిపోర్టులు చూపించి చెప్పారు. 17నే ఆపరేషన్ జరిగింది. బావగారు కోలుకున్నారు.

ఇది నా వాదనకు రుజువు కాదు. ఒక్క మనిషి కోలుకోవడం ఏ తారీఖు గురించీ ఏమీ చెప్పదు. ఈ మాట మా చెల్లెలికి ఇంకా ఎక్కలేదు. మొన్న కొత్త స్కూటర్‌కి నంబరు చివర 17 కావాలని అడిగింది. కలిసొచ్చిందట!