చేతిపట్టీ మీద లేని పేరు

అమెరికా ఆస్పత్రుల్లో చేరిన మన పెద్దవాళ్ల చేతిపట్టీ మీద అప్పుడప్పుడు ‘ఎఫ్.ఎన్.యు.’ అనే పేరు కనిపిస్తుంది. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి, అది ఇంటిపేరు గడిలో పడితే, ఖాళీగా మిగిలిన గడిలో వీసా వాళ్లు ఈ మూడక్షరాలు వేస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదని. ఈ సంగతి చాలామంది నర్సులకు తెలియదు. ‘ఫ్నూ’ అనేదే పేరనుకుని ప్రేమగా పిలుస్తారు. ఫిలడెల్ఫియా శివార్లలో నేను పాలియేటివ్ (బాధ తగ్గించే) వైద్యం చేసే ఆస్పత్రిలో ఒక గుంటూరు పెద్దావిడ ఆ పిలుపుకు పలుకుతూ వచ్చింది. పలక్కపోతే మందివ్వడం మరిచిపోతారేమోనని భయమట.

ఆవిడ పేర్ల కథ అక్కడితో ఆగదు. క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చెబుతుంది. ఆంధ్రలో వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీ హోదా పోకూడదని గుంటూరు వైపు ఎన్నో ఇళ్లలో బడి రిజిస్టరులో ఒక పేరు, గుడి (చర్చి) రిజిస్టరులో ఇంకో పేరు ఉంటాయి. నన్నడిగితే తప్పు ఆ ఇళ్లది కాదు. ఆవిడదీ అలాంటి ఇల్లే. బడి పేరు పాస్‌పోర్టుకెక్కింది. గుడి పేరు ఈ దేశంలో కూతురికి, తెలుగు క్రైస్తవ సంఘంలో నలుగురికి తప్ప తెలియదు. అది బైబిల్లోని ఒక స్త్రీ పేరు. అంతకంటే చెప్పను. గుర్తుపట్టకుండా మిగతా వివరాలు కూడా కొన్ని మార్చాను.

అండాశయం క్యాన్సరు పొట్టంతా పాకింది. నొప్పి పదికి ఎంత అని ఐప్యాడ్‌లో తెలుగు దుబాసీ అడిగితే ‘మూడు’ అనేది. పిడికిళ్లు మాత్రం మంచం కమ్మీని వదిలేవి కావు. నేను ఐప్యాడ్ పక్కన పెట్టి తెలుగులో అడిగాను.

“ఆయన సిలువ మీద అంత పడ్డాడు. నేను ఈపాటి ఓర్చుకోలేనా నాయనా?”

ఈ మాట మా పనిలో కొత్తది కాదు. బాధ దేవుడు పెట్టిన పరీక్ష, మందు తీసుకుంటే తప్పినట్టే అనుకునేవాళ్లు అన్ని దేశాల క్రైస్తవుల్లోనూ ఉన్నారు. దాని అడుగున సాధారణంగా ఇంకో మాట ఉంటుంది. కాసేపు కూర్చుంటే అదే బయటికొస్తుంది. భర్త పోయినప్పుడు ఆవిడ ఇక్కడుంది. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తోంది. ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే. పిల్లలు ఆగమన్నారు, ఆగింది. మట్టి వేయడం ఫోనులో చూసింది. “దానికే అయ్యుంటుంది. దేవుడు నన్నొదిలేశాడు.”

ఈ ‘వదిలేశాడు’ అన్న మాటను వైద్యశాస్త్రం కొలిచి చూసింది. నార్త్ కరోలినాలో డ్యూక్ యూనివర్సిటీ ఆస్పత్రిలోనూ, డర్హమ్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలోనూ చేరిన 55 ఏళ్లు దాటిన 596 మందిని కెన్నెత్ పార్గమెంట్, హెరాల్డ్ కోనిగ్ తదితరులు రెండేళ్లపాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించారు. దేవుడు తనను విడిచిపెట్టాడేమో అనుకున్నవాళ్లలో చనిపోయే ముప్పు 28 శాతం, ఆయనకు తన మీద ప్రేమ ఉందా అని సందేహించినవాళ్లలో 22 శాతం ఎక్కువ కనిపించింది. జబ్బు తీవ్రతను, మానసిక స్థితిని లెక్కలోకి తీసుకున్నాక కూడా. దీన్ని పట్టుకుని భక్తి ఉంటే ఆయుష్షు పెరుగుతుందని ప్రసంగాలు చేసేవాళ్లున్నారు. ఆ పరిశోధన ఆ మాట అనలేదు. నాకు అందులో అందింది చాలా చిన్న సంగతి. విరేచనం అయిందా అని ఎంత మామూలుగా అడుగుతామో, ఈ జబ్బులో దేవుడు మీకు ఎలా కనిపిస్తున్నాడని అంత మామూలుగా అడగాలి. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ డాక్టరు క్రిస్టీనా పుచాల్స్కీ 1990లలో ఇందుకోసం ఒక ప్రశ్నల వరస తయారుచేశారు. నేను వరస పాటించను గానీ అడగడం మానను. జవాబు విన్నాక ప్రసంగం మొదలుపెట్టకపోవడమే కష్టమైన భాగం. నేనూ విశ్వాసినే. ఆ గదిలో ఆ సంగతి అడిగితేనే చెబుతాను.

మాటలాడే పని ఆస్పత్రిలో రోగుల ఆత్మీయ అవసరాలు చూసే చాప్లిన్‌ది. అమెరికా ఆస్పత్రుల్లో చాప్లిన్లకు ఇప్పుడున్న శిక్షణకు మూలపురుషుల్లో ఒకడు ఆంటన్ బాయిసెన్ అనే పాదిరి. 1920లో మతి చలించి మసాచుసెట్స్‌లో తానే మానసిక ఆస్పత్రి పాలయ్యాడు. 1924లో అదే రాష్ట్రంలోని వుస్టర్ మానసిక ఆస్పత్రిలో చాప్లిన్‌గా చేరి, మరుసటి ఏడాది నుంచి వేదాంత విద్యార్థులను రోగుల పక్కన కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. రోగి కూడా చదవాల్సిన గ్రంథమేనన్నది అతని పట్టు.

మా చాప్లిన్ ఒక లూథరన్ స్త్రీ. ఆవిడ వచ్చిన రోజు పెద్దావిడ గొప్పగా చెప్పుకున్న మొదటి సంగతి, తాను కుగ్లర్ ఆస్పత్రిలో పుట్టానని. చాప్లిన్‌కు అర్థం కాలేదు. నేను చెప్పాల్సి వచ్చింది. ఆనా సారా కుగ్లర్ పుట్టింది మాకు దగ్గర్లోనే, ఆర్డ్‌మోర్‌లో, 1856లో. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా తీసుకుని, నారిస్‌టౌన్ మానసిక ఆస్పత్రిలో పనిచేసి, 1883లో గుంటూరు చేరింది. 1890ల చివర్లో అక్కడ ఆస్పత్రి తెరిచింది. 1930లో అక్కడే కన్నుమూసింది. నేను రోజూ ఆర్డ్‌మోర్ మీదుగానే వస్తాను. ఆ ఊళ్లో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకింకా తగల్లేదు.

చాప్లిన్ పెద్దావిడ పేరు అడిగింది. పట్టీ మీది పేరు కాదు, బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు. ఆ పేరుతో పిలిచి, నుదుటి మీద వేలితో సిలువ గుర్తు వేసింది. లూథరన్లు పసిపిల్లలకే బాప్తిస్మమిస్తారు. పెద్దావిడ చాలాసేపు ఏమీ అనలేదు. సాయంత్రం నేను వెళ్లేసరికి తనే ఎత్తుకుంది.

“నెల కూడా నిండని పిల్లకి, నేనేం మంచి చేశానని నువ్వు నాదానివి అన్నాడు నాయనా? అప్పుడు ఏమీ చూసి ఇవ్వలేదే! మరిప్పుడు ఏం చూసి తీసేసుకుంటాడు?”

లూథరన్ వేదాంతం మీద లావుపాటి పుస్తకాలున్నాయి. వాటిలో చాలా భాగం ఈ రెండు ప్రశ్నల్లో ఉంది. ఆ రాత్రి మార్ఫిన్ తీసుకుంది, నాలుగు గంటలకోసారి ఐదు మిల్లీగ్రాములు. పిడికిళ్లు వదులైంది మార్ఫిన్ వల్లే, అందులో నాకు సందేహం లేదు. అది గొంతు దిగింది మాత్రం నా సలహా వల్ల కాదు. రికార్డులో ‘ఇష్టపడే పేరు’ అనే గడి ఉంటుంది. నర్సు అందులో గుడి పేరు ఎక్కించి, గోడ మీది తెల్లబోర్డు మీదా రాసింది. ‘ఫ్నూ’ అని మళ్లీ ఎవరూ పిలవలేదు. కూతురింట్లో, చివరి రోజుల్లో చూసుకునే హాస్పిస్ వాళ్ల సంరక్షణలో పోయింది.

ఇంకొకాయన సంగతి ఇంత సులువుగా చెప్పలేను. నలభైల్లో ఉన్న ఇంజనీరు. ఉద్యోగం, ఇన్సూరెన్సు, వీసా మూడూ ఒకే ముడికి వేలాడే హెచ్-1బి జీవితం. పాంక్రియాస్ క్యాన్సరు. సంఘమంతా గొలుసు ఉపవాసాలు చేసింది. స్వస్థత వచ్చాక సాక్ష్యం చెప్పాలని తేదీ కూడా అనుకున్నారు. ప్రతి స్కానూ ఆయనకు దేవుడిచ్చే మార్కుల కాగితమైంది. గడ్డ తగ్గితే ప్రేమించాడు, పెరిగితే నా విశ్వాసంలో లోపముంది అనేవాడు. వెంటిలేటరు వద్దనుకోవచ్చని చెబితే, అది దేవుణ్ణి నమ్మకపోవడమే కదా డాక్టరుగారూ అన్నాడు. ముదిరిన క్యాన్సరున్న 345 మంది మీద 2009లో వచ్చిన అమెరికా అధ్యయనమొకటి ఇదే చూపింది. మతాన్ని బాగా ఆసరా చేసుకున్నవాళ్లలో 11.3 శాతం మంది చివరి వారంలో వెంటిలేటరు మీదికి వెళ్లారు. తక్కువగా చేసుకున్నవాళ్లలో అది 3.6 శాతం. ఆయనా ఐసీయూలో, గొట్టాల మధ్యే పోయాడు. ప్రార్థనను నేను తప్పుపట్టను. స్వస్థత అడగడమూ తప్పు కాదు. కానీ దేవుడి ప్రేమను స్కానుకు తాకట్టు పెట్టిన మనిషికి, ఆదరణ అత్యవసరమైన రోజున అది చేతికందకపోవడం నేను చూశాను.

ఆయన భార్య, భర్త వీసాకు ముడిపడ్డ హెచ్-4 మీద ఉంది. భర్తతోపాటే ఇక్కడ ఉండే హక్కూ పోయింది. ఆదరణ కూడికకు నేను వెళ్లాను. ఆవిడ సాక్ష్యం చెబుతానని లేస్తే పాస్టరుగారు కొంచెం కంగారు పడ్డారు. “అందరికీ వందనాలు. మీరు ప్రార్థన చేశారు, మా ఆయన బాగుపడలేదు. దేవుడు మమ్మల్ని వదల్లేదు. ఈ రెండూ కలిపి చెబుదామనే లేచాను,” అని కూర్చుంది. నెల తిరగకముందే పిల్లలను తీసుకుని కాకినాడ వెళ్లిపోయింది.