పర్ణభ్రాంతి

వేదాంతంలో రజ్జుసర్పన్యాయం సుప్రసిద్ధం. మసకవెలుతురులో త్రాడును చూచినవాడు సర్పమని భ్రమించి భయపడతాడు. దీపం తెచ్చి చూడగానే ఆ భయం నశిస్తుంది. ఈ దృష్టాంతంలో ఒక విశేషం కలదు. భయపడినవాడు కనుకనే అతడు దీపం కోసం వెదకుతాడు. ఆ భయమే అతనిని జ్ఞానాభిముఖుని చేస్తుంది. భ్రాంతి భయానికి బదులు నిశ్చింతను కలిగించినట్లయితే దీపం తెచ్చేవారెవరు?

ఈ ప్రశ్నకు ఒక అల్పమత్స్యం ఉదాహరణగా నిలుస్తున్నది.

శ్రీహరికోటకు తూర్పున బంగాళాఖాతం, పడమట పులికాట్ సరస్సు. సూళ్ళూరుపేట మీదుగా వచ్చే కాళంగి నది ఆ సరస్సులో సంగమిస్తున్నది. సరస్సు ఉప్పునీటిది, దానిని చేరే ఏళ్ళది మంచినీరు. భారతదేశపు మైదానాలలో ఇటువంటి మంచినీటి ఏళ్ళ చెంతనుండే చెరువులు, గుంటలు, వరదనీరు నిలిచిన పొలాలు ఆశ్రయంగా జీవించే ఈ చేపకు శాస్త్రనామం నాండస్ నాండస్. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానదీ మత్స్యాలను గూర్చిన గ్రంథంలో దీనిని వర్ణించాడు. సాధారణంగా 20 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. దేహం బల్లపరుపుగా, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులో, మచ్చలతో, నీటిలో కుళ్ళుతున్న ఎండుటాకును తలపిస్తుంది. అమెజాన్ నదీప్రాంతంలో వేరొక కుటుంబానికి చెందిన పర్ణమత్స్యం సైతం ఇదే రూపాన్ని ధరించింది.

ఈ మత్స్యాలు ఎరను తరుమవు. కలుపుమొక్కల నడుమ నిశ్చలంగా ఉంటాయి. అమెజాన్ మత్స్యం తలక్రిందులుగా తేలుతూ, దాదాపు పారదర్శకమైన రెక్కలను మెల్లగా కంపింపజేస్తూ ఎరను సమీపిస్తుంది. కదలిక కనబడదు, దూరం మాత్రం తరుగుతుంది. తగినంత చేరువైన క్షణంలో నోరు గొట్టంవలె ముందుకు సాగి, నీటితోపాటు ఎరను లోనికి పీల్చుకొంటుంది. చిన్నచేప చివరివరకు తన యెదుట ఆకునే చూచింది.

ఇందులో ఆ మత్స్యపు దోషం ఏమీ లేదు. అది దాని స్వభావం, దాని ఆహారం. కపటం అనే మాట సంకల్పం గల మనుష్యునికే చెల్లుతుంది. ఇక్కడ విచారించవలసినది ఎరయైన చేప స్థితి.

సాధకుని పతనం కూడా ఈ విధంగానే సంభవిస్తుంది. మహాపాపం సర్పంవలె కనబడుతుంది. దానిని చూచి అతడు వెనుదిరుగుతాడు. ప్రమాదం ఆకుల రూపంలో వస్తుంది. జపం ముగించి మాలను ప్రక్కన ఉంచిన సాధకుడు ఒక్క నిమిషం కోసం సెల్‌ఫోన్ తెరుస్తాడు. అందులో ఏ దోషమూ కనబడదు. మరునాడు జపం మధ్యలోనే ఆ నిమిషం గుర్తుకు వస్తుంది. కొన్నాళ్ళకు మాల త్వరగా తిరుగుతుంది. చివరకు జపం ఒక నిరీక్షణగా మారుతుంది. ఏనాడు పడ్డాడని అడిగితే అతడు చెప్పలేడు. గీత రెండవ అధ్యాయంలో భగవానుడు చెప్పిన వరుస ఇదే: విషయచింతన నుండి సంగం, సంగం నుండి కామం, కామం నుండి క్రోధం, క్రమంగా బుద్ధినాశం. ఆ సోపానంలో మొదటి మెట్టు ఎంత మృదువైనదో గమనించాలి.

అట్లని ఆకులన్నింటినీ ద్వేషించరాదు. మడుగులోని ఆకులలో అధికభాగం నిజమైన ఆకులే. ప్రతిదానికీ బెదరే చేప ఆహారం లేక నశిస్తుంది. వివేకం అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది నిన్న ఎంత దూరంలో ఉన్నది, నేడు ఎంత దూరంలో ఉన్నది? నిజమైన ఆకు నీరు నెట్టినవైపు పోతుంది. ఎర ఉన్నవైపు తిరిగి తిరిగి రాదు.

కావున అనుదినం సాయంసంధ్యలో ఈ దూరాన్ని కొలుచుకొనడమే సాధకునికి దీపం. త్రాడును పామని భ్రమించినవానిని భయమే మేల్కొల్పుతుంది. చేపను ఆకని నమ్మినవాడు తనంతట తానే మేల్కొనవలసి ఉన్నది.