దొరసాని ఊళ్ళో మన పిల్ల

"టీచరమ్మా, ఇన్నారా? అల్లుడు వంట సేత్తన్నాడంట!"

మా పక్కింటి వదిన ఏ వార్తయినా గోడ మీద గడ్డం ఆనించే చెబుతుంది. ఆ మొహం చూస్తే ఎవరో పోయారనుకుంటాం. ఎవరూ పోలేదు. కూతురూ అల్లుడూ కెనడాలో హాలిఫాక్స్ చేరారు, అంతే. అమ్మాయి డయాలసిస్ నర్సు, డ్యూటీ పన్నెండు గంటలు. ఆమె ఇంటికొచ్చేసరికి ఇతను అన్నం వార్చి, పప్పుకి తాలింపు పెట్టి ఉంచుతున్నాడు. నిన్న వీడియో కాల్లో గరిటెతో సహా అత్తగారికి దొరికిపోయాడు.

"వండితే తప్పేముంది వదినా?"

"తప్పని కాదండీ. బీటెక్కు సదివినోడు. మావోల్లేటనుకుంటారు?"

అసలు బాధ వంట కాదులెండి. పర్మిట్ అమ్మాయి పేరున వచ్చింది. అల్లుడు నర్సుగారి భర్త హోదాలో వెళ్ళాడు. భర్తకిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్ మీద ప్రస్తుతం ఒక గోడౌన్లో పెట్టెలు సర్దుతున్నాడు. ఇక్కడ పెళ్ళిచూపుల్లో ఎవరి జీతం అడిగారో, అక్కడ ఎవరి జీతంతో అద్దె కడుతున్నారో తలచుకుంటే వదినకి తల తిరుగుతోంది. "ఎవుల ఎనకాల ఎవులెల్లినట్టండీ?" అంటుంది.

నేనేమో ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాను. హాలిఫాక్స్ ఉన్న నోవాస్కోషియా రాష్ట్రం పేరు వినగానే నాకు టెక్కలి గుర్తొస్తుంది. మీరు నవ్వినా సరే. మన మిషను బంగళాల్లో కాపురముండి వెళ్ళిన దొరలూ దొరసానులూ చాలామంది ఆ సముద్రపొడ్డు నుంచి వచ్చినవాళ్ళే. కెనడియన్ బాప్టిస్టు మిషను అంటాం కదా, అందులో మన ఉత్తరాంధ్ర వైపు పని మొదలెట్టింది ఆ తూర్పు కొస రాష్ట్రాల సంఘాలు. భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి ముందు. పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట తరవాత.

"అయితే మా పిల్ల దొరల ఊరెల్లినాదన్నమాట," అంది వదిన. మొహం కాస్త తేటపడింది.

దొరల సంగతి తరవాత, ముందు ఒక దొరసాని సంగతి విను అన్నాను. నోవాస్కోషియాలో కాన్సో అని చేపలు పట్టేవాళ్ళ ఊరు. హన్నా మరియా నోరిస్ అనే టీచరు అక్కడి పిల్ల. బర్మా వెళ్ళి పనిచేస్తానని 1870లో మిషను బోర్డుని అడిగింది. పెళ్ళికాని ఆడదాన్ని పంపడానికి మా దగ్గర డబ్బుల్లేవు పొమ్మన్నారు పెద్దలు. ఆవిడ ఇంటికెళ్ళి ఏడుస్తూ కూర్చోలేదు. ఆ వేసవిలో ఊరూరా తిరిగి, ఆడవాళ్ళని కూడగట్టి, ముప్పైకి పైగా స్త్రీల సహాయ సంఘాలు పెట్టేసింది. వాళ్ళు పోగేసిన చిల్లరతో అదే ఏడు ఓడెక్కింది. తన జీతం తనే కూడబెట్టుకుని బయల్దేరిందన్నమాట. మొగుడి వెనక వెళ్ళలేదు, అసలప్పటికి మొగుడే లేడు.

"మరెప్పుడు సేసుకున్నాదో?"

1874లో, రంగూన్‌లో. అంతకు ముందటేడు అదే దేశం నుంచి ఏడుగురు మిషనరీలు బయల్దేరారు. వాళ్ళలో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకడు. అతన్ని చేసుకుంది. ఆ ఏడుగురి అసలు గురి మనం కాదు. సయాం దేశంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, కరెన్ జాతివాళ్ళు బోలెడంతమంది ఉన్నారనుకుని వచ్చారు. తీరా వెతికితే అనుకున్నంతమంది లేరు. అప్పటికే కాకినాడలో మెక్లారెన్ దంపతులున్నారు. తంతి శాఖలో పనిచేసిన తెలుగువాడు తామస్ గాబ్రియేల్ పిలిస్తే వచ్చిన కెనడా వాళ్ళే వాళ్ళూను. అలా 1875లో సయాం బృందం తెలుగుదేశానికి మళ్ళింది. శాన్‌ఫర్డ్ దంపతులు భీమిలికి, చర్చిల్ దంపతులు బొబ్బిలికి, ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు మన శ్రీకాకుళానికి. పాపం హన్నా అప్పటికి కరెన్ భాష కష్టపడి నేర్చుకుని ఉంది. మళ్ళీ ఓనమాలు.

ఇక్కడ వదిన ఆగమంది. "మా పిల్లకీ అదే గోలండీ. ఇంగిలీసు పరీచ్చ పాసయినాది, నర్సు పరీచ్చా పాసయినాది. అక్కడ ముసిలోల్లు మాటాడితే మట్టుకు ఒక్క ముక్క అర్తమవదంట."

ఎందుకవుతుంది? ఐఈఎల్‌టీఎస్ టేపుల్లో చేపలవాళ్ళ ఇంగ్లీషు ఉండదు. నర్సులు చాలక నోవాస్కోషియా వాళ్ళు 2023లో ఇండియాతో కలిపి ఏడు దేశాల నర్సులకి రిజిస్ట్రేషను దారి దగ్గర చేశారు. ఎన్‌క్లెక్స్ పరీక్ష మాత్రం తప్పదు. కాగితాల దారి దగ్గరయింది కానీ మంచం మీద పడుకున్న తాత "నీళ్ళు" అన్నాడో "నొప్పి" అన్నాడో చెవికి తెలియడానికి నెలలు పడుతుంది. అయితే ఒకటి, సూది పెట్టే చేతికి భాషతో పనిలేదు. ఉద్దానం పిల్ల కదా, డయాలసిస్ మంచాల మధ్య పని నేర్చుకుంది. కొబ్బరితోటల్లో ఇంటికొకరు చొప్పున కిడ్నీలు పోగొట్టుకుంటున్న చోట, ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ తేలని చోట, ఆ విద్యకి కరువేముంది? 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. తెరిచి పడకలైతే వేశారు. పక్కన నిలబడేవాళ్ళు ఒక్కొక్కరే విమానం ఎక్కుతున్నారు. ఈ మాట వదినతో అనలేదు, మీతో అంటున్నాను.

కాపురం పెట్టడం దగ్గరికొస్తే మాత్రం నేను దొరసానుల పక్షం కాదు. వాళ్ళకి జ్వరాలున్నాయి, ఎండ ఉంది, పిల్లల్ని ఇక్కడే పూడ్చిపెట్టుకున్న ఇళ్ళున్నాయి, కాదనను. కానీ బంగళాలో వంటవాడు ఉండేవాడు. నీళ్ళు మోసేవాళ్ళు, పంకా లాగేవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకునే ఆయా, తెలుగు చెప్పే మున్షీ... ఇంతమంది పట్టుకుంటే ఒక జంట నిలదొక్కుకుంది. స్వదేశం వెళ్ళి అచ్చేసుకున్న రిపోర్టుల్లో వీళ్ళ పేర్లకి చోటు బహు తక్కువ.

"మా మామ్మ నీల్లు మోసింది బంగళాకి," అంది వదిన, మామూలుగా. "దొరసాని ఇచ్చిన సబ్బు పెట్టె మాయింట్లో సాన్నాల్లుండీది."

మరి నీ కూతురికి నీళ్ళెవరు మోస్తున్నారు వదినా? మంచు పారతో ఎత్తేదీ తనే, సంచీలు మోసుకుని బస్సెక్కేదీ తనే. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర దాటితే చీకటి. ఇక్కడి నుంచి 23 కేజీల పెట్టెలో వెళ్ళిన జీడిపప్పు ఎప్పుడో అయిపోయింది. ఎండు నెత్తళ్ళు పెట్టనివ్వలేదని వదినకి ఇప్పటికీ కోపమే. ఆ ఇంట్లో వంటవాడూ, మున్షీ, ఆయా అన్నీ కలిపి ఒక్కడే ఉన్నాడు, గరిటెతో పట్టుబడ్డవాడు. నాకైతే ఆ కుర్రాడి మీద గౌరవం పెరిగింది.

వదిన కాసేపు ఏమీ అనలేదు. తరవాత "ఆ దొరసాని మనూల్లోనే పోయినాదా?" అని అడిగింది.

లేదు. అసలు తమాషా అక్కడే ఉంది. మనవాళ్ళు ఆ రోజుల్లో రంగం, అంటే రంగూన్, పోయేవారు కదా, బారువలోనో కళింగపట్నంలోనో స్టీమరెక్కి. రంగూన్ మిల్లుల్లో, రేవుల్లో ఎక్కడ చూసినా తెలుగు కూలీలే. 1880ల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు మన దేశం వదిలి మళ్ళీ బర్మా వెళ్ళారు. అక్కడి తెలుగు, తమిళ వలసవాళ్ళ మధ్య చాలా ఏళ్ళు పనిచేశారు. శ్రీకాకుళంలో నేర్చిన తెలుగు రంగూన్‌లో పనికొచ్చింది. కరెన్‌లని వెతుక్కుంటూ బర్మా మీదుగా మన దగ్గరికొచ్చిన జంట, మనవాళ్ళ వెనకాలే తిరిగి బర్మా చేరింది. ఆవిడ పోయింది 1919లో, టొరంటోలో.

"సోంపేట గల్లిసన్ డాక్టరుగోరు నాకెరికే. మాయమ్మకి కంటి పొర తీసినాది ఆ ఆసుపత్రిలోనే," అని వదిన తన లెక్క తను అందుకుంది. నిజమే, బెన్ గల్లిసన్ గారు సోంపేటలో పేదల కళ్ళకి చేస్తున్న ఆపరేషన్ల సంగతి విని, 1963లో కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే ఆయన నలుగుర్ని పోగేసి చందాలు ఎత్తాడు. ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అలా పుట్టింది, ఇప్పుడది చాలా దేశాల్లో పనిచేస్తోంది. అక్కడి వీధుల్లో ఎత్తిన చందాతో ఇక్కడ ముసలమ్మలు సూదిలో దారం ఎక్కించుకున్నారు.

చందా అనగానే వదినకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. కూతురూ అల్లుడూ వెళ్ళే చర్చిలో అన్నీ తెల్ల తలలేనట. మధ్యలో నైజీరియా వాళ్ళు, మలయాళీలు, మనవాళ్ళు ఇద్దరు. కుర్రాళ్ళంటే వీళ్ళే కాబట్టి కుర్చీలు సర్దడం, క్రిస్మస్ చెట్టు మోయడం వీళ్ళ వంతు. మొన్న ఆదివారం కానుక పళ్ళెం రెండోసారి తిరిగిందట. ఎందుకని అడిగితే, ఇండియాలో మిషను పనికి అన్నారట. అమ్మాయి 10 డాలర్లు వేసింది.

"పది డాలర్లంటే ఎంతండీ?"

ఆరొందలకి పైనే అన్నాను.

వదిన గోడ మీంచి గడ్డం తీసి నిటారుగా నిలబడింది. "ఇండియాకే కదేటి! అక్కడ పల్లెంలో ఏసి ఇక్కడికి పంపించడమెందుకూ, తిన్నగా నా బేంకులో ఏసీమని సెప్పండి."