మార్కుల సరాసరి: మా అనుభవము

పావగడ తాలూకాలో పుట్టినవారికి వానలెక్క మరియొకరు చెప్ప నక్కరలేదు. మేము గుమాస్తాగా నున్న దినములలో వర్షపాతపు అంకెలను పుస్తకమున కెక్కించి, నెలనెలకు కూడి, సంవత్సరాంతమున సరాసరి కట్టుట మా పనులలో నొకటి. కొన్ని యేండ్లలో సరాసరి చక్కగనే వచ్చెడిది. చేలలో వేరుశనగ మాత్రము ఎండిపోయెడిది. ఊడలు దిగవలసిన వేళ చినుకు రాలక, పంట పీకు కాలమున కుండపోతగా కురిసిన వానయు ఆ సరాసరిలో చేరినదే కదా! కాగితము మీద లోటు లేదు; రైతు ఇంట గింజ లేదు. ఈ సంగతిని చేతులార వ్రాసిన మాకే, ఇంటిలో పిల్లవాని మార్కుల విషయమున అది స్ఫురింపకపోవుట విచిత్రము.

1998వ సంవత్సరమున మా కుమారుడు ఏడవ తరగతి చదువుచుండెను. అర్ధసంవత్సర పరీక్షలైన పిమ్మట మార్కుల పట్టికను మా చేతికిచ్చెను. కన్నడము 58, ఇంగ్లీషు 61, హిందీ 74, లెక్కలు 36, విజ్ఞానము 67, సమాజము 76. అలవాటు చొప్పున కూడితిమి: 372. ఆరింట భాగించితిమి: 62. అరువది దాటినది, మొదటి తరగతియే యని సంతసించి, సంతకము చేసి, వీపు తట్టితిమి. ఉత్తీర్ణతకు 35 కావలసిన చోట ఆ 36 ఒక్క మార్కుతో ఒడ్డున బడినదని మాకు తోచలేదు. హిందీయు సమాజమును తమ యెత్తుతో ఆ పల్లమును కప్పివేసినవి. వాడు వెంటనే పోక మా ముఖము చూచుచు నిలువబడెను. ఏమో చెప్పదలచెను కాబోలు. ఆఫీసు వేళయైనది, మేము అడుగలేదు.

తరువాతి మూడేండ్లును అదే తంతు. 2002లో ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితములు వచ్చినప్పుడు మొత్తము మార్కులకు కొరత లేదు. లెక్కలలో మాత్రము తప్పెను. అచ్చట సరాసరి వానిని గట్టెక్కింపలేదు. వాడు మరల వ్రాసి నెగ్గెను గాని, తోటివారు కాలేజీకి పోవుచుండగా ఒక యేడు ఇంట కూర్చుండవలసి వచ్చెను. ఆ దినములలో ఒకనాడు వాడు మాతో ననెను: "నాకు భిన్నాలే రాలేదు నాయనా. ఆరో తరగతి నుంచీ రావు. నువ్వు ఎప్పుడూ మొత్తమే చూసినావు." దానికి మా యొద్ద జవాబు లేకుండెను.

నేడు పద్ధతులు మారినవి. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, పిల్లల చదువును నిరంతరముగను సమగ్రముగను మూల్యాంకనము చేయవలెనని చెప్పినది. ఆ పద్ధతిన కర్ణాటకములో వచ్చిన గ్రేడులు ఐదు: 90 మొదలు ఏ ప్లస్, 70 మొదలు ఏ, 50 మొదలు బి ప్లస్, 30 మొదలు బి, అంతకు దిగువ సి. చిన్న పరీక్షలను ఇచ్చట రూపణాత్మక మౌల్యమాపన మందురు. సరిహద్దు దాటి మడకశిరకో పెనుకొండకో పోయిన అదే నిర్మాణాత్మక మూల్యాంకనము. పెద్ద పరీక్ష ఇచ్చట సంకలనాత్మకము, అచ్చట సంగ్రహణాత్మకము. చుట్టములతో పిల్లల చదువు ముచ్చటించుటకే నిఘంటువు కావలసి వచ్చుచున్నది!

పేర్ల మాట యెట్లున్నను, లెక్కలో రెండు చోట్ల పెద్దలు పొరబడుదురు. మొదటిది, గ్రేడు వెనుక దాగిన అంకె. 68 నుండి 51కి జారిన పిల్లకును బి ప్లస్సే నిలుచును. రెండవది, పరీక్షల బరువు. 20 మార్కుల చిన్న పరీక్షలో 18, 80 మార్కుల పెద్ద పరీక్షలో 40 వచ్చినవనుకొందము. నూటికి 90, నూటికి 50. సగము చేసిన 70, అనగా ఏ గ్రేడు. కాని నిజముగ వచ్చినవి నూటికి 58; అది బి ప్లస్. కనుక ఏ పరీక్షకెంత బరువో ఉపాధ్యాయుల నడిగి తెలిసికొని గాని సరాసరి కట్టరాదు.

మా మనుమరాలు ఇప్పుడు ఏడవ తరగతి. మావంటి ఇండ్లలో మాట తెలుగు, బడిలో మొదటి భాష కన్నడము. తెలుగు పకారము కన్నడమున తరచు హకారమగును: పాలు హాలు, పులి హులి, పల్లె హళ్ళి. ఉక్తలేఖనములో ఈ పిల్ల పులినే వ్రాసి వచ్చును. ఎస్.ఎస్.ఎల్.సి.లో తక్కిన విషయములకు నూరేసి మార్కులుండగా మొదటి భాషకు 125 ఉండుట చాలకాలపు ఏర్పాటు. కావున ఇది చిన్న సంగతి కాదు.

ఆమెకొక గళ్ళ పుస్తకము కుట్టియిచ్చి, విషయమునకొక నిలువు గడి, పరీక్షకొక అడ్డు వరుస గీయించితిమి. చివర సరాసరికి ఒక గడి. నాలుగు పరీక్షలైన తరువాత ఆమెయే పుస్తకము తెచ్చి, "తాతా, సరాసరి కదల్లేదు గానీ, కన్నడం చూడు, మెట్లు దిగినట్టు దిగుతా ఉంది" అనెను. 71, 66, 60, 54. లెక్కలును విజ్ఞానమును పెరిగి ఆ లోటును పూడ్చినవి. ఆఫీసు వేళ యని లేచిపోవుటకు మాకిప్పుడు ఆఫీసు లేదు. నాటినుండి సాయంకాలము అరగంట కన్నడ పత్రిక చదివించి పది మాటలు వ్రాయించుచున్నాము. గడచిన పరీక్షలో 54 కాస్త 61 అయినది. ఆరు విషయముల సరాసరిలో అది ఒక్క మార్కుగనే కనబడెను. ఏడు మార్కుల శ్రమ అచ్చట ఒకటైనట్లే, ఏడు మార్కుల పతనమును ఒకటిగనే కనబడును. అందుకే చివరి గడిని చూచి ఊరకుండరాదు.

మొన్న ఆ పుస్తకము మీద సంతకము చేయుటకు ముందు మా కుమారుడు లెక్కల గడిపై వ్రేలుంచి, "భిన్నాలు వస్తాయామ్మా నీకు?" అని కూతురి నడిగెను. మేము తలవంచుకొంటిమి.

సరాసరి వలదని మేము చెప్పము. పిల్ల మొత్తము మీద ఎచ్చటనున్నదో అది తెలుపును. ఎచ్చట మునుగుచున్నదో తెలుపదు. కావున సోదరులారా, పట్టిక చేతికి వచ్చినప్పుడు కూడికకు ముందు అన్నిటికంటె తక్కువైన అంకెను వెదకుడు. దాని పక్కన కిందటి పరీక్ష అంకెను ఉంచుడు. పిదప, పిల్ల నిలిచియుండగనే, "ఏది రావడంలేదు?" అని అడుగుడు. సంతకము ఆ జవాబు విన్న తరువాత చేయవచ్చును.