పౌతి ఖాతాలో పెద్దలు

డిసెంబరు 3, 2025

స్కాట్లాండులో కౌలురైతు మునిమనవడెవరైనా తన వంశాన్ని వెతుక్కోదలిస్తే ముందు చర్చి పుస్తకం దగ్గరికి వెళ్తాడు. అక్కడ మిగిలిన పారిష్ పుస్తకాల్లో అన్నిటికన్నా పాతది 1553 నాటిది. పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ ప్రభుత్వమే రాయడం 1855 జనవరి 1 నుంచి మొదలైంది. 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లు, వయసులు, వృత్తులు ఉన్నాయి. వందేళ్ళు దాటాక ఆ కాగితాలు ఎవరైనా చూడవచ్చు. ఎవరు ఏ పొలంలో కూలికి ఉన్నారో, ఆ ఏడు ఇంట్లో ఎంతమంది పిల్లలో తెలుస్తుంది.

మా తాతకు తాత ఈ సింగరాయకొండ పక్క పల్లెలోనే జొన్న, వరిగ పండించి, ఇక్కడే పోయాడు. ఆయన్ని వెతకాలనుకున్నాను. ఏ పుస్తకంలో ఉంటాడాయన?

డిసెంబరు 7

జనాభా లెక్కల దారి మూసుకుపోయింది. మద్రాసు రాజధానిలో 1871లో లెక్క తీశారు. 1881 నుంచి దేశమంతా ఒకేసారి తీస్తున్నారు. కానీ లెక్క కట్టి మొత్తాలు తేల్చాక ఇంటింటి కాగితాలను దాచిపెట్టలేదు. తాలూకాకు ఎంతమంది, కులానికి ఎంతమంది, చదువొచ్చినవాళ్ళు ఎందరు అన్నది అచ్చులో ఉంది, మనిషి లేడు. ఇప్పటి లెక్కలకైతే 1948 చట్టం 15వ సెక్షను అడ్డం. మనం చెప్పిన వివరాలు ఎవరూ చూడడానికి లేదు, కోర్టులో సాక్ష్యానికీ పనికిరావు. బతికున్నవాళ్ళ గుట్టు కాపాడే ఆ నియమం మంచిదే. నూరేళ్ళ తర్వాతైనా తెరుస్తామన్న మాట మాత్రం అందులో లేదు. 2027 మార్చి 1 తేదీతో మళ్ళీ లెక్క జరగబోతోంది. మా మనవరాలి పేరు అందులో ఎక్కుతుంది. దాని మనవలకు ఆ కాగితం కనిపించే దారి ఉండాలని నా కోరిక.

డిసెంబరు 14

టంగుటూరు వెళ్ళి మేనత్తను కలిశాను. తొంభైకి దగ్గర పడింది. చూపు ఆనదు, జ్ఞాపకం మాత్రం చెదరలేదు.

"చచ్చిపోయినోళ్ళ పేర్లతో నీకేం పనబ్బాయా? పొలమేమన్నా తగాదాలో పడిందా?"

"లేదత్తా, ఊరికే తెలుసుకుందామని."

"ఊరికే ఎవురడుగుతార్రా!" అంటూనే మొదలుపెట్టింది. మగవాళ్ళ పేర్లు ఐదు తరాలు గడగడా చెప్పింది. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఊళ్ళు చెప్పింది. కరేడామె, ఉలవపాడామె, పాకలామె. ఇంటికొచ్చిన కోడలిని పుట్టింటి ఊరి పేరుతోనే పిలిచారు, పోయేదాకా ఆమె అదే. అసలు పేరేంటని అడిగితే అత్త చాలాసేపు ఆలోచించింది. "అందరూ అట్టాగే అనేవోళ్ళు నాయనా," అంది చివరికి.

ఏళ్ళు అడిగితే కరువులు చెప్పింది. మా తాతకు తాత ధాత కరువు నాటికి పెళ్ళీడువాడట. ధాత అంటే 1876. అంటే 1856, 58 ప్రాంతంలో పుట్టి ఉంటాడు. ఆయన నాయన నందన కరువులో గుంటూరు వైపు నుంచి ఇటు దిగివచ్చాడని ఇంకో మాట. నందన అంటే 1832. ఆ కరువులో గుంటూరు జిల్లా సగం ఖాళీ అయిందని పెద్దలు చెప్పుకొనేవాళ్ళు. మేము ఈ ఊరివాళ్ళం ఎందుకయ్యామన్నదానికి నాకు దొరికిన మొదటి కారణం అదే.

డిసెంబరు 15

అరవై ఏళ్ళ చక్రంలో తికమక పడకుండా రాసిపెట్టుకుంటున్నాను. ధాత 1876, మళ్ళీ 1936, మళ్ళీ 1996. శిస్తు లెక్కల సంవత్సరం ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, జులైలో మొదలు. ఫసలీ 1320, సాధారణ నామ సంవత్సరం, 1910-11 మూడూ ఒకటే. పాత కాగితం చేతికొస్తే ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది.

డిసెంబరు 22

కందుకూరు. మా ప్రాంతం 1970 దాకా నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా. ఒంగోలు వైపు 1904లోనే గుంటూరు జిల్లాలో కలిసింది. కాబట్టి ఒక్క కుటుంబం కాగితాలు ఒంగోలు, నెల్లూరు, గుంటూరు మూడుచోట్లా పడి ఉండవచ్చు. వెతికేవాళ్ళు ముందు ఊరు ఏ ఏడాది ఏ జిల్లాలో ఉందో చూసుకుని బయలుదేరాలి.

డైగ్లాట్ అనే పాత భూమి రిజిస్టరు నకలు చూశాను. పేజీకి ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి. సర్వే నంబరు, మెట్టా మాగాణా, నేల రకం, తరం, విస్తీర్ణం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు. నేలను ఎంత శ్రద్ధగా చూశారో! నల్లరేగడా, ఇసుకా, ఎకరానికి ఎంత శిస్తు కట్టగలదు అన్నీ విడివిడిగా రాశారు. చిట్టచివరి గడిలో మనిషి. పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం, అంతే. ఎప్పుడు పుట్టాడు, ఎవరిని చేసుకున్నాడు అన్నది సర్కారుకు అక్కరలేదు. ఆయన పోయిన తర్వాత మాత్రం ఖాతాలో ఆ పేరు పక్కన పౌతి, అంటే పోయినవాడు, అని పడుతుంది, వారసుల పేర్లు చేరతాయి. పొలం లెక్కల్లో చావు కబురు ఆ ఒక్కచోటే.

ఇక్కడ మనిషిని వెతకాలంటే పొలాన్ని వెతకాలి. ఈ సంగతి తెలియకే చాలామంది మొదట్లోనే నిరాశపడి వదిలేస్తారు. సర్వే నంబరు చేతిలో ఉంటే ఐదు తరాలు వెనక్కి వెళ్ళవచ్చు.

డిసెంబరు 28

రాత్రి మన్రో గురించి చదువుతున్నాను. గ్లాస్గోలో 1761లో పుట్టాడు. జమీందారుతో పనిలేకుండా సర్కారు ఒక్కో రైతుతో నేరుగా లెక్క చూసుకోవాలని పట్టుబట్టిన మనిషి. 1820 నుంచి మద్రాసు గవర్నరు, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. ఆయన పుట్టిన దేశంలో రైతు చాలావరకు కౌలుదారే, భూమి దొరది. అక్కడి భూమి రిజిస్టరు 1617 నుంచి ఉన్నా అందులో సేద్యగాడి పేరు వెతికితే దొరకడం అరుదు. వాడిని చర్చి పుస్తకమే కాపాడింది. ఇక్కడ అదే దేశపువాడు తెచ్చిన రైత్వారీ వల్ల రెండెకరాల రైతు పేరు కూడా సర్కారు లెక్కలోకి ఎక్కింది. శిస్తు కోసమే రాశారు. కడుపుకట్టుకుని ఆ శిస్తు కట్టారు మనవాళ్ళు. కట్టినందుకే ఇవాళ వాళ్ళ పేర్లు మనకు మిగిలాయి.

ఇంకో స్కాట్లాండువాడు మెకంజీ, లూయిస్ దీవి నుంచి వచ్చాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్యల సాయంతో ఊరూరి కైఫీయతులు సేకరింపజేశాడు. కరణాల ఇళ్ళలోని కవిలెలు చూసి రాసినవి. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, మిరాశీ ఎవరిది అన్నవి పుష్కలంగా ఉంటాయి. రైతు కనపడడు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చు వేసిన నెల్లూరు జిల్లా శాసనాలు మూడు సంపుటాలదీ అదే తీరు. రాతి మీద దానమిచ్చినవాడి పేరు చెక్కారు. పొలం దున్నినవాడి పేరు చెక్కే అవసరం ఎవరికీ రాలేదు.

జనవరి 6, 2026

ఇవాళ దొరికాడు!

మా కాగితాల్లో కాదు, పక్క చేనువాళ్ళ ఇంట్లో. మా నాయన ఈడు రైతు, నేను బాబాయ్ అంటాను. పాత దస్తావేజులు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టారు. ఒక మూల చెదలు తిన్నది. సాధారణ నామ సంవత్సరపు క్రయ దస్తావేజు ఒకటి తీశాడు. స్టాంపు కాగితం గోధుమ రంగుకు తిరిగింది. సిరా మాత్రం నల్లగా నిలిచింది. అక్షరాలన్నీ తలకట్టు తలకట్టు కలిపి గొలుసుకట్టుగా రాసినవి, మాటకూ మాటకూ ఎడం లేదు. చదవడానికి గంట పట్టింది.

అమ్మినవారు, కొన్నవారు, రూపాయలు, నీరు నిధి నిక్షేపాలు, చెట్టు చేమలు. ఆ తర్వాత నాలుగు సరిహద్దులు. తూర్పు డొంక. దక్షిణం వాగు. పడమర ఇంకొకరి మెట్ట. ఉత్తరం... మా తాతకు తాత పేరు, ఇంటిపేరుతో సహా, "గారి చేను". కింద సాక్షుల్లో రెండోవాడు ఆయనే. సంతకం రాదు కాబట్టి నిశానీ. మూడు గీతలు, పైది కాస్త వంకర. పక్కన రాతగాడు ఆయన పేరు రాసి, నిశానీ ఆయనదేనని రాశాడు.

ఆ మూడు గీతలూ ఆయన చేత్తో పెట్టినవి. యాభై ఏళ్ళు దాటిన చెయ్యి. కలం పట్టుకోవడం అలవాటు లేదని గీత వంకరే చెబుతోంది. బాబాయ్ ఫొటో తీసుకోనిచ్చాడు. "తీసకపో అబ్బాయా, కాగితం కూడా తీసకపో," అన్నాడు. దస్తావేజు ఆయన ఇంట్లోనే ఉండాలి. ప్లాస్టిక్ సంచి ఒకటి తెచ్చిచ్చి, చెదలు తగలని చోట పెట్టించి వచ్చాను.

మీ పెద్దవాళ్ళు మీ కాగితాల్లో లేకపోతే పొరుగువాళ్ళ సరిహద్దుల్లో చూడండి. ప్రతి దస్తావేజూ నలుగురు పొరుగువాళ్ళను మోస్తుంది.

జనవరి 9

రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల పత్రం, 1983 తర్వాతిదైతే కంప్యూటర్లో వస్తుంది. అంతకు ముందువి ఇండెక్సు పుస్తకాల్లో చూడాలి. ఒకటి పేర్లవారీగా, ఒకటి ఆస్తివారీగా. సరిహద్దులు మాత్రం ఇండెక్సులో వెతకడానికి లేవు, దస్తావేజు విప్పాల్సిందే.

జనవరి 19

పండక్కి వచ్చిన పిల్లలంతా వెళ్ళిపోయారు. పొగాకు బ్యారన్ల దగ్గర రాత్రంతా మంటలే.

కరేడామె పేరు దొరికింది. మా ఊళ్ళో కాదు, ఆమె పుట్టింటి ఊరి దస్తావేజులో. పసుపు కుంకుమ కింద అర ఎకరం రాసిచ్చారు. అక్కడ ఆమెను తండ్రి పేరుతో, సొంత పేరుతో రాశారు. అత్తవారింటి కాగితాల్లో ఫలానావారి భార్య తప్ప ఇంకేమీ లేదు. స్కాట్లాండు రిజిస్టర్లలో పెళ్ళయిన స్త్రీకి పుట్టింటి ఇంటిపేరు కూడా రాస్తారు, తల్లి వైపు వంశం తెగకుండా నిలుస్తుంది. మన దగ్గర అర ఎకరం ఉన్న కూతురికే ఆ భాగ్యం. పొలం ఇవ్వలేనివాళ్ళ కూతుళ్ళు ఏ కాగితంలో ఉన్నారు? అత్తకు ఫోన్ చేసి కరేడామె పేరు చెప్పాను. రెండుసార్లు పలికించుకుంది.

జనవరి 27

వంశరాజులు వచ్చి ఇంటిపేరు, గోత్రం, పెద్దల పేర్లు చదివి ధాన్యం తీసుకెళ్ళేవాళ్ళు, నా చిన్నప్పుడు చూశాను. రైతు కులాల వంశావళి వాళ్ళ నోట్లో ఉండేది. ఊళ్ళో ఎవరికీ ఇప్పుడు వాళ్ళ జాడ తెలియదు. వాళ్ళు వచ్చినప్పుడు ఎవరైనా ఒక నోటుపుస్తకం తీసి ఉంటే!

ఫిబ్రవరి 8

పల్లెలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ పెద్దలు మా ఇంట తరతరాలుగా పాలేర్లు. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. డైగ్లాట్‌లో వాళ్ళ ఇంటిపేరు ఎక్కడా లేదు. భూమి లేనివాడిని సర్కారు రాయలేదు.

"మావి చర్చి పుస్తకంలో ఉన్నాయండీ," అన్నారు.

ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని తిండిలేని జనానికి పని పెట్టాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగారు. మాస్టారి కుటుంబం ఆ తర్వాత కొన్నేళ్ళకు చేరింది. ఆయన చర్చి పుస్తకం నుంచి రాసుకున్న వరుస చూపించారు. భర్త పేరు, భార్య పేరు, ఊరు, తేదీ. భార్య పేరు పూర్తిగా ఉంది.

భర్త పేరు చదివి ఆగిపోయాను. మా చేను కింది చెక్కను ఇంట్లో అందరం ఒక మనిషి పేరుతో పిలుస్తాం. ఆ పేరు మా వంశంలో ఎవరిదీ కాదు, ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. అదే పేరు. మాస్టారికి చెప్పాను. ఆయనకు ఆ చెక్క సంగతి తెలుసు. "మా జేజి అనేదండీ, దాని రాళ్ళన్నీ ఏరింది మా తాతకు తాతేనని."

పట్టా మా పేరున ఉంది. రాళ్ళేరినవాడి పేరు నోటిమాటగా నిలిచింది, నూట యాభై ఏళ్ళు. ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. సాయంత్రం ఆయన్ని బండి మీద చేనుకు తీసుకెళ్ళాను. మినుము కోతకు వచ్చింది.

ఫిబ్రవరి 15

రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వస్తున్నాయి. గట్టు కొలతలు సరిచేయడానికి అది అవసరమే. కానీ పాత నంబరు తెలియకపోతే డైగ్లాట్ విప్పలేం, దస్తావేజు వెతకలేం. నంబరు మారే ప్రతి ఇంట్లోనూ పాతదీ కొత్తదీ పక్కపక్కన రాసి పెట్టుకోవాలి.

పెద్ద లెక్కల పుస్తకం ఒకటి కొన్నాను. సర్వే నంబరుకో పేజీ. పట్టాదారు, పౌతి, సరిహద్దులు. కరేడామె పేరు తండ్రి పేరుతో రాశాను. కింది చెక్క పేజీలో, దున్నినవారు అని ఒక గడి గీసి, మాస్టారి తాతకు తాత పేరూ ఆయన భార్య పేరూ రాశాను. ఒక జెరాక్స్ మాస్టారికి, ఒకటి అత్తకు, ఒకటి బాబాయ్‌కి. ఉలవపాడామె, పాకలామె పేజీల్లో గడి ఖాళీగా ఉంది. వచ్చే వారం ఉలవపాడు వెళ్ళాలి, అక్కడ ఉలవపాడామె అన్నదమ్ముల మునిమనవలు ఉన్నారట.