రాకెట్ల పక్కన రాజహంసలు

శ్రీహరికోట అనగానే మన క్లాసులో ఎవరికైనా గుర్తొచ్చేది కౌంట్‌డౌనే. అదొక దీవి అనీ, దానికి ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు పులికాట్ సరస్సు ఉన్నాయనీ మాట్లాడుకునేవాళ్లు తక్కువ. సూళ్లూరుపేట నుంచి షార్‌కి వెళ్లే రోడ్డు ఆ సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో ఆ దారిలో వెళ్తే, లోతు తక్కువ నీళ్లలో తలలు వంచి నిలబడ్డ రాజహంసలు, అదే మనం ఫ్లెమింగోలు అనేవి, గుంపులుగా కనిపిస్తాయి.

అవి తినే పద్ధతి నాకు భలే నచ్చింది. ముక్కుని తలకిందులుగా నీళ్లలో ముంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి తోసేస్తాయి. ముక్కు అంచుల్లో జల్లెడ లాంటిది ఉంటుంది. రొయ్యల్లాంటి చిన్న జీవులు, నాచు అందులో చిక్కుతాయి. వాటి గులాబీ రంగు కూడా ఆ తిండి వల్ల వచ్చిందే. అంటే నీటి లోతు మారినా, ఉప్పదనం మారినా వాటి భోజనం దెబ్బతింటుంది.

ఆ నీరు రెండు దారుల్లో వస్తుంది. ఆరణి, కాళంగి నదుల నుంచి మంచినీరు, ముఖద్వారాల గుండా సముద్రపు నీరు. ఈ ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటాయి. అప్పుడు ఆటుపోట్ల నీరు లోపలికి సరిగా రాదు. ఎండాకాలంలో మన ఆంధ్రా వైపు సరస్సు చాలాచోట్ల ఎండి బీటలు వారుతుంది. చేపలు తగ్గుతాయి. ఇరకం లాంటి దీవుల్లో వేట మీద బతికే కుటుంబాలకీ పక్షులకీ ఒకేసారి తిండి పోతుంది.

పులికాట్‌ని 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. మ్యాపులో గీత ఉంది, దారిలో బోర్డు ఉంది. కానీ నీళ్లు గీత బయటి నుంచే రావాలి కదా! పక్కనే శ్రీహరికోట అడవిని చూడండి. రాకెట్ కేంద్రం గేటు దాటి ఎవరుపడితే వాళ్లు పోలేరు కాబట్టి చెట్లు మిగిలాయి. అడవికి మూసిన గేటు పనికొచ్చింది. సరస్సుకి మాత్రం తెరిచి ఉన్న ముఖద్వారం కావాలి.

అందుకే పూడిక తియ్యమని అడిగే జాలర్లని పక్షులకి శత్రువులుగా చూడటం నాకు అర్థం కాదు. దగ్గర్లోని నేలపట్టులో గూడబాతులు చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు కట్టి, చేపల కోసం పులికాట్‌కి వచ్చిపోతుంటాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకి ఎరువని ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటారు. లాభం ఇద్దరిదీ అయినప్పుడు కాపలా దానంతటదే వస్తుంది.

షార్‌కి పేరిచ్చిన సతీష్ ధావన్ గారు పక్షులు ఎలా ఎగురుతాయో వివరిస్తూ 'బర్డ్ ఫ్లైట్' అని రాశారు. రాకెట్లు పంపిన మనిషికే పక్షిని చూసే తీరిక ఉంది. సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్‌కి వెళ్లే మనం కూడా ఫొటోలు తీసుకుందాం, తప్పేం లేదు. దాంతోపాటు అక్కడి పడవవాళ్లని ఒక్క మాట అడుగుదాం: "అన్నా, ఈ ఏడాది ముఖద్వారం తెరిచే ఉందా?"